ఇరవయ్యో వేలిముద్ర

నేను ఒక ఇంకు ప్యాడును. అరచేతిలో పట్టే రేకు డబ్బా, లోపల దళసరి గుడ్డ, ఊదారంగు సిరా. ఎక్కడో యంత్రం కింద పుట్టి, ఒంగోలులో అమ్ముడై, రావులపాడు చౌకడిపోలో బియ్యానికి వచ్చే వేళ్లను చాన్నాళ్లు తడిపాను. ముద్ర వేశాక మిగిలిన సిరాను అందరూ తలకే రాసుకునేవారు.

డిపో నడిపిన వీరభద్రయ్య ఊళ్లో కాన్పుల కోసం సంఘం పెట్టి, రెండు గదులు కట్టించి, అధ్యక్షుడై నన్ను అక్కడికి తెచ్చాడు. మూడేళ్లకోసారి ఎన్నిక జరగాలని సంఘం నిబంధన. ఇరవై ఏళ్లు అది ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిన నాడు కార్యదర్శి సుబ్బరాజు వేరే కమిటీ ప్రకటించాడు. గదులకు ఇద్దరూ చెరో తాళం వేశారు. నొప్పులొచ్చిన ఆడవాళ్లు ఆటోలో ఇరవై కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది.

సభ్యుల మద్దతు కోసం ఇద్దరూ నన్ను ఇంటింటికీ తిప్పారు. మా ఊరివాళ్లకు గడపలోకి వచ్చిన మనిషిని కాదనడం చేతకాదు. పొద్దున ఆయన కాగితం మీద, సాయంత్రం ఈయన కాగితం మీద అవే వేళ్లు పడ్డాయి. సంఘాల రిజిస్ట్రారు రెండింటినీ తిప్పి పంపాడు. అరవైమంది సభ్యుల్లో ఇరవైమంది కోరితే సర్వసభ్య సమావేశం పెట్టి కొత్త కమిటీని ఎన్నుకోమన్నాడు.

అప్పుడు మంత్రసాని ఏసుమణి నన్ను కొంగున కట్టుకుని బయల్దేరింది. ఈసారి ఇద్దరికీ కోపమొస్తుందని జనం జంకారు. లెక్క పంతొమ్మిది వేళ్ల దగ్గర ఆగిపోయింది. చివరికి ఆమె వీరభద్రయ్య ఇంటికే వెళ్లింది. ఆయన భార్య కోటమ్మ కూడా సభ్యురాలే.

"నన్ను దించే కాగితానికి నువ్వు ఏలుముద్ర ఏస్తావా?" వీరభద్రయ్య మంచం మీంచి లేచాడు.

"నిన్న ఆదెమ్మ కోడలు ఆటోలోనే కనింది. నువ్వు కట్టిచ్చిన గది ముందునించే పోయింది ఆ ఆటో," అంది కోటమ్మ.



"ఆలోచిచ్చుకోని ఎయ్యక్కా," అంది ఏసుమణి.

"మొన్న రెండిట్లో ఏసినప్పుడు ఆలోచిచ్చానా ఏంది?"

కోటమ్మ నొక్కింది. తిరిగి తిరిగి నేను ఎండిపోయి ఉన్నాను. ముద్ర సరిగా పడలేదు. వీరభద్రయ్య కాగితం తీసుకుని వెలుగులో చూశాడు.

"ఇది చెల్లదు," అంటూ చెంబులోంచి రెండు చుక్కలు నా మీద చల్లాడు. "ఇంకో తూరి గట్టిగా నొక్కు."

సమావేశం జరిగింది. కొత్త కమిటీలో ఆయనా లేడు, సుబ్బరాజూ లేడు. తన తాళం తీయడానికి మాత్రం వీరభద్రయ్య అందరికంటే ముందొచ్చాడు.

ఇప్పుడు నేను కాన్పు గదిలో గూట్లో ఉంటున్నాను. తాళాలు తీసిన నాలుగోనాడు ఇక్కడ ఆడపిల్ల పుట్టింది. ఏసుమణి ఆ పిల్ల పాదాన్ని నాకు ఆనించి రిజిస్టరులో అద్దింది. ఎన్నో వేళ్లు నన్ను నొక్కాయి గాని, ఆ పాదం తగిలినప్పుడు మాత్రం సిరా మరీ చల్లగా ఉందేమోనని కంగారుపడ్డాను.