ఇస్త్రీ బల్ల మీద డాన్స్

మా కుట్టు దుకాణంలో నన్ను నిప్పక్క అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడేదాన్ని, పైగా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంతకన్నా చల్లని పేరు వస్తుందని నేనూ ఆశపడలేదు.

దుకాణం మా వదినది. గుడ్డ కత్తిరించేది మా మరిది. బొత్తాలు కుట్టేది బామ్మ. ఎవరికి బామ్మో ఎవరికీ తెలియదు, అందరికీ బామ్మే. ఇంకో నలుగురు మిషన్ల మీద కుడతారు. మండు వేసవిలో నాకు తప్ప వీళ్లందరికీ చలి. బామ్మ రెండు స్వెటర్లు వేసుకుని, పైన శాలువా కప్పుకుని, కొంకర్లు పోయిన వేళ్లను ఊదుకుంటూ కూర్చునేది. మరిది ఏసీని ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరుకు పెంచాడు, తర్వాత ఇరవై ఎనిమిదికి. అయినా అది ఆగితే ఒట్టు.

నింద నా మీద పడింది. అంకెలు మార్చే థర్మోస్టాట్ డబ్బా, గది వేడి కొలిచి ఏసీని నడిపేది, నా ఇస్త్రీ బల్ల పైన గోడకే ఉంది మరి. నేనే చాటుగా తగ్గిస్తున్నానని వాళ్ల అనుమానం. నేను దాన్ని ముట్టుకుంటే కదా. గదిలో వేడి ముప్పై ఒకటని అది చూపించేది, నాకూ అలాగే ఉండేది. ఆ దుకాణంలో నాకు వంత పాడేది ఆ డబ్బా ఒక్కటే, దాన్ని నేనెందుకు అనుమానిస్తాను? పోయిన చలికాలం ఆ డబ్బాతోనే నడిచే హీటరు ఎంతకీ మొదలవక అందరూ పళ్లు కటకటలాడిస్తుంటే మేమిద్దరం, నేనూ డబ్బా, హాయిగానే ఉన్నాం.

చివరికి వదిన తేల్చి చెప్పింది. శనివారంలోగా ఈ గొడవ తెమలకపోతే ఏసీ పూర్తిగా ఆపేస్తుందట. ఏసీ లేకుండా ఇస్త్రీపెట్టె ముందు నిలబడితే నేను ఉడికిపోతాను. నాకు ఒళ్లు మండింది.

"తప్పు నాదని తేలితే ఈ బల్లెక్కి డాన్స్ చేస్తా, చూస్కోండి," అన్నాను.

"సాక్షిని నేనే," అంది బామ్మ, శాలువాలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి.

శుక్రవారం ఇస్త్రీపెట్టె తీగ కాలిపోయింది. మరిది బాగు చేయించుకొస్తానని పట్టుకెళ్లాడు. బల్ల చల్లారింది. నేను పని లేక గోళ్లు గిల్లుకుంటూ డబ్బా వైపు చూశాను. ముప్పై ఒకటి ముప్పై అయింది. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిదికి రాగానే, ఎన్నడూ ఆగని ఏసీ ఆగిపోయింది. అంకె ఇంకా దిగి దిగి ఇరవై ఒకటి దగ్గర నిలిచింది. అంటే ఇన్నాళ్లూ ఆ పిచ్చి డబ్బా నా ఇస్త్రీపెట్టె ఆవిరి పీలుస్తూ, గదంతా అంతే వేడిగా ఉందనుకుంది.

నాకు నవ్వాగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎవరూ చూడలేదు కాబట్టి బల్లను అవతలి గోడకు జరిపేస్తే సరి, గాలి కోసమని చెప్తే నమ్ముతారు. అబద్ధమెందుకు, సగం దూరం జరిపాను కూడా. అప్పుడు బామ్మ కనిపించింది. సూదిలో దారం ఎక్కించడం అది నాలుగోసారి, వేళ్లు నిలవడం లేదు. ఇన్నాళ్లూ ఆమెను వణికించింది నేనే. చచ్చేంత సిగ్గేసింది.

"తప్పు నాదే," అన్నాను గట్టిగా.

జరిగిందంతా చెప్పేశాను. అందరూ కలిసి బల్లను అవతలి గోడకు చేర్చారు. డబ్బాలో ఇరవై ఆరు పెట్టి, ఫ్యాను తిప్పాం. మరిది తెచ్చిన ఇస్త్రీపెట్టె వేడెక్కినా డబ్బా దాని జోలికి పోలేదు. గంటకు బామ్మ ఒక స్వెటర్ విప్పింది. ఇంకో గంటకు రెండోదీ విప్పి, మడతపెట్టి, నా వైపు చూసింది.

"ఇక ఎక్కు," అంది.

ఎక్కాను. నలభై తొమ్మిదేళ్ల మనిషిని, చేతులూ కాళ్లూ ఎటు పోతే అటే పోనిచ్చాను. వదిన కడుపు పట్టుకుని నవ్వి, నవ్వి, తనూ గెంతడం మొదలుపెట్టింది. మెడలో టేపుతో మరిది, మిషన్ల మీద నలుగురూ, ఆఖరికి బామ్మ కూడా లేచారు. ఇంతలో ఏసీ గుర్రుమని మొదలైంది. డబ్బాలో ఇరవై ఏడు.

"ఈసారి తప్పెవరిది?" అనడిగాను బల్ల మీంచి.

"అందరిదీ," అంది బామ్మ గిరగిరా తిరుగుతూ. "నువ్వు ఆపకు."