పెర్సెఫొనీకి పెట్టిన ముఖం

మా అమ్మాయి మీకా పదమూడో ఏట జ్వరంతో పోయింది. దానికి రెండు నెలల ముందే ఏథెన్సులో చట్టం వచ్చింది. సమాధుల మీద ఇకపై బొమ్మలు చెక్కకూడదట. మూడు మూరలు మించని రాతి స్తంభం, దాని మీద పేరు, అంతే. ముప్పై ఏళ్లపాటు ఊళ్లో చచ్చినవాళ్లందరికీ ముఖాలు చెక్కిన చేతులు నావి. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి చట్టం అడ్డొచ్చింది. ఆ చట్టం చేసిన పెద్దమనుషుల ఇళ్లలో పోయినవాళ్లకు అప్పటికే పాలరాతి బొమ్మలు నిలబడి ఉన్నాయి లెండి.

నా భార్య లీసిల్లా సరిగా తినడం మానేసింది. "దాని ముఖం మరిచిపోతున్నానయ్యా. ముక్కు గుర్తొస్తే నోరు గుర్తురావట్లేదు" అని ఏడ్చేది.

అప్పుడే మా మేస్త్రి తెలెసోన్‌కు ఒక గుడి పని వచ్చింది. పాతాళరాజు హేడీస్ పంటల దేవత కూతురు పెర్సెఫొనీని పెళ్లాడ్డానికి రథం మీద ఎత్తుకుపోయే ఘట్టం. చట్టం దేవుళ్ల జోలికి పోదు. పెర్సెఫొనీ బొమ్మ నా వంతుకొచ్చింది. దానికి మీకా ముఖం పెట్టాను. కనుబొమ మీద గాటు, కాస్త ముందుకొచ్చిన పై పెదవి, అన్నీ. ఎవరికీ చెప్పలేదు.

"ఒరేయ్ థ్రాసోన్, ముసలాడివయ్యాక చెయ్యి తిరిగిందిరా! అరిచే ఆ నోట్లో భయం చూడు" అన్నాడు మేస్త్రి.

"ఇన్నాళ్లూ నిద్రలో చెక్కాడు లెండి" అన్నాడు హేడీస్‌ను చెక్కేవాడు.

పండక్కి అందరూ పోయిన రోజు మధ్యాహ్నం లీసిల్లాను పని పాకకు తీసుకెళ్లాను.

"చూసుకోవే. అచ్చం అదే."

ముందు బొమ్మ పెదవి మీద వేలు పెట్టింది. నవ్వింది కూడా. ఆ వేలు కిందికి జారి నడుము దగ్గర ఆగింది. అక్కడ హేడీస్ వేళ్లున్నాయి, ఒంట్లోకి దిగిపోయేంత గట్టిగా.

"ఏమయ్యా, మళ్లీ వాడికే ఇచ్చావా?"

పెళ్లి కాకుండా పోయిన పిల్లను హేడీస్ చేసుకున్నాడంటారు మా వాళ్లు. శవం దగ్గర ఆడవాళ్లు ఏడ్చేది కూడా ఆ మాటలతోనే. నాకు తెలియక కాదు. చెక్కినన్నాళ్లూ ముఖమే చూశాను. పక్కవాడు చెక్కుతున్న చెయ్యి చూడలేదు.

"ఒకసారి పోయింది చాలదా? గుడి ఉన్నన్నాళ్లూ అరుస్తూనే ఉండాలా అది? ఆ చెయ్యి కొట్టెయ్."

"అది నేను చెక్కింది కాదే. కొడితే మేస్త్రి నన్ను పనిలోంచి గెంటేస్తాడు."

"అయితే నువ్వు చెక్కిందే తీసెయ్. దాన్నైనా విడిపించు."

 సన్న ఉలి తీశాను. ముందు కనుబొమ గాటు పోయింది. తర్వాత పెదవి. చివరికి ఏ గుళ్లో చూసినా కనిపించే ముఖమే మిగిలింది.

వెనక్కి తిరిగేసరికి లీసిల్లా మోకాళ్ల మీద కూర్చుని రాతిపొడిని చెంగులోకి ఎత్తుకుంటోంది.

"ఇందులో దానిదేదయ్యా?"

నేలంతా నెల రోజుల పొడి. గుర్రాల జూలుది, రథచక్రాలది, హేడీస్ మోకాలిది, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"అంతా దానిదేనే. ఎత్తుకో" అన్నాను.