బొప్పాయి చెట్టు దాకా

నా కాళ్ల మీద మా అత్తమ్మ సవరమ్మకున్నంత పట్టింపు నాకెన్నడూ లేదు. పొద్దున్నే పెరట్లో గిన్నెలు తోముతుంటే ఆమె కంటికి అవే ఆనుతాయి. "ఏందే హెప్సిబా, గా పిక్కలు! రోకళ్లు నయం," అంటుంది. ఈ బొగ్గుగని క్వార్టర్లో ఇంటిల్లిపాదికీ నీళ్లు మోసింది ఆ పిక్కలే అని మాత్రం ఎవరూ అనరు.

రెండువేల ఆరులో మా చర్చి క్రిస్మస్ ఆటల్లో ఆడవాళ్లకూ వాలీబాల్ పెట్టారు. అంతకుముందు మాకు చెంచా నిమ్మకాయ, కుర్చీలాట. మిగతా పొద్దంతా మగవాళ్ల మ్యాచ్‌కు చాయ్ కాయడమే. నేను పేరిచ్చానని తెలిసి మా ఆయన సుకుమార్ పడీ పడీ నవ్వాడు. పొడుగు మనిషి, ఎగిరి సర్వీస్ కొడతాడు. "పొట్టిగున్నవ్, లావున్నవ్. నీ బాల్ నెట్ దాటుతదా? కాళ్లు కదపకుండ నిలబడి, చేత్తో కిందికెళ్లి పైకి తొయ్యి, గంతే," అని నేర్పాడు. అలాగే వేశాను. ప్రతి బంతీ నెట్‌కు తగిలి నా ముందే పడింది. భుజం నొప్పి, పైగా ఏడుపు. పేరు తీసేయించుకుందామనుకున్నాను.

మర్నాడు గిన్నెలు తోమిన నీళ్లు రోజూలాగే బకెట్‌తో పెరటి చివర బొప్పాయి చెట్టు మొదట్లోకి విసిరాను. ఇంత దూరం ఎలా పోతున్నాయివి? ఇంకో బకెట్ విసురుతూ మొదటిసారి నన్ను నేను చూసుకున్నాను. ఎడమకాలు ముందుకు పడుతోంది, వెనకకాలు నేలను తన్నుతోంది, నడుము తిరిగి ఒంటి బరువంతా ముందుకొస్తోంది. చెయ్యి వచ్చేది చివర్న. ఇంత ఒళ్లు పెట్టుకుని ఒట్టి చేత్తో ఎందుకు కొట్టాలి? నవ్వొచ్చింది నాకు.

ములకలపల్లి చర్చి ఆడవాళ్లతో మ్యాచ్. ఎడమకాలు వేసి, ఒళ్లంతా పెట్టి కొట్టాను. బంతి నెట్ మీదుగా పోయి వెనక గీత లోపల పడింది. మళ్లీ కొట్టాను, ఎవరికీ అందలేదు. అత్తమ్మ చాప మీద నుంచి లేచి, "నా కోడలు! కాళ్లు సూడుండ్రి, కాళ్లు!" అని అరిచింది. ఇన్నేళ్లూ వెక్కిరించిన నోరే అది. అయినా ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడే సుకుమార్ గీత దగ్గరికొచ్చాడు. "హెప్సీ, మా మ్యాచ్ టైమైతాంది. నీ జాగల ఎవరినన్న పెట్టి జల్దీ రా, చాయ్ కాయాలె."

ఇంకెప్పుడైనా అయితే బంతి కింద పెట్టేసేదాన్నే.

"పాయింట్ పోయేదాక బాల్ నాదే," అన్నాను. "చాపత్త డబ్బా పొయ్యి పక్కనే ఉంది. మాకు గూడ కాయి."

ఎడమకాలు ముందుకు వేశాను.