మింగిన మాట

ఉన్న మాటలన్నీ ఊడ్చుకుపోయి అబ్దోన్ నోట ఒకే ఒక్క మాట మిగిలింది. "గ్రాసియాస్."

పక్షవాతం వచ్చి మూడు నెలలు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆకలేస్తే గ్రాసియాస్, నడుం నొప్పెడితే గ్రాసియాస్, డాక్టరు సూది గుచ్చితే గ్రాసియాస్. సూది గుచ్చినా ధన్యవాదాలు చెబుతున్నాడు, ఎంత మర్యాదస్థుడో అని డాక్టరు ముచ్చటపడ్డాడు. దెల్మీరాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డెబ్భై ఏళ్ళ బతుకులో తన అన్న ఎవరికీ ధన్యవాదాలు చెప్పిన పాపాన పోలేదు. దేవుడికి ఇంత వెటకారం పనికిరాదు.

పైగా మతే ఆకు కషాయం తాగే దగ్గర ఆ మాటకి అర్థమే వేరు. ఇంటిల్లిపాదికీ ఒకటే సొరబుర్ర, పీల్చడానికి ఒకటే గొట్టం. ఒకరు పోస్తారు, మిగతావాళ్ళు వరసగా తాగి బుర్ర తిరిగిస్తారు. ఇస్తూ గ్రాసియాస్ అన్నావంటే, చాలు, ఇక నాకు పొయ్యొద్దు అని. అననంతసేపూ వరస తిరిగి నీ దాకా వస్తూనే ఉంటుంది. దురాస్నో ఊళ్ళో పాలు మానిన పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు.

అబ్దోన్ ఆ మాట అనేవాడే కాదు. ఉన్ని గోదాములో పని దిగి ఇంటికొచ్చి, తనే పోసి, ఆకు సారమంతా పోయి పుల్లలు పైకి తేలేదాకా తాగి, తాగించేవాడు. నీళ్ళు తెర్లితే ఆకు రుచి పాడైందని కేకలు. ఎవరైనా గొట్టం కదిపితే కేకలు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా.

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు దెల్మీరా మొదటిసారి తను పోసింది. అతను తాగి, బుర్ర ఇచ్చి, గ్రాసియాస్ అన్నాడు. చాలు కాబోలని ఆమె పక్కన పెట్టేసింది. ఆ సాయంత్రం అతను ఏడ్చాడు. పక్షవాతం మనుషులు ఊరికే ఏడుస్తారమ్మా అని నర్సు చెప్పింది. అయినా మర్నాటి నుంచి దెల్మీరా ఆ మాట వినపడనట్టే పోస్తూ వచ్చింది. కానీ కావాలని తాగుతున్నాడా, చేతిలో పెడుతోంది గనక తాగుతున్నాడా? లోపల అన్న ఉన్నాడా, లేడా? ఆ అనుమానమే ఆమెని తినేస్తోంది.

తమ వైపు చలి మొదలయ్యే మే నెలలో ఒక ఆదివారం చెల్లెలు ఇర్మా మోంటెవిడియో నుంచి బస్సు దిగింది, చేతిసంచిలో కాగితంతో. అక్కడి వృద్ధాశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది. రేపటిలోగా సంతకం పెట్టకపోతే వేరేవాళ్ళకి పోతుంది.

"అక్కా, నీళ్ళు నమలకు. నీ నడుం ఏమైపోతోందో చూసుకున్నావా? రేపు నువ్వూ పడితే మీ ఇద్దర్నీ ఎత్తేదెవరు?"

"నన్ను గుర్తుపడుతున్నాడేమోనే."

"ఏం గుర్తు? నిన్ను చూసినా గ్రాసియాసే, పిల్లిని చూసినా గ్రాసియాసే. చిలక పలుకులక్కా అవి."

ఇర్మా చెడ్డది కాదు. చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. దెల్మీరా నీళ్ళు పొయ్యి మీద పెట్టి, "అన్నయ్యకి నిజంగా ఏమీ తెలియట్లేదంటే ఎవరు చూసినా ఒకటే. పెడతాలే సంతకం. ముందు మతే తాగుదాం," అంది.

నీళ్ళు కూనిరాగం తీస్తుండగానే దించి ఫ్లాస్కులో పోసింది. బుర్రలో ముప్పాతిక దాకా ఆకు నింపి, ఒక పక్కకి వాల్చి, గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, గొట్టం గుచ్చింది. మొదటిది ఉత్త చేదు, అది పోసినవాళ్ళదే. తను తాగింది. తర్వాత ఇర్మాకి, ఆ తర్వాత అన్నకి. అతను తాగి, ఎప్పట్లాగే, "గ్రాసియాస్" అన్నాడు. చూశావా అన్నట్టు ఇర్మా కనుబొమలెగరేసింది.

రెండో వరసలో ఇర్మా కూడా గ్రాసియాస్ అనేసింది. ఆమెకి చాలు, బస్సు టైమవుతోంది. బల్ల మీద కాగితం పరిచి, ఎదురుగా అన్న లేనట్టే చెప్పుకుపోయింది.

"శుభ్రంగా ఉంటుందక్కా. పక్కలు వాళ్ళే మారుస్తారు. నాలుగింటికి ఎవరి కప్పులో వాళ్ళకి పాలు పోసిన టీ."

"మతే ఉండదా?"

"అంతమందికి ఎవరు కూర్చుని పోస్తారక్కా!"

అప్పటికి బుర్ర అబ్దోన్ చేతిలో ఉంది. గొట్టం గరగరమనేదాకా పీల్చాడు. పీల్చి, ఇవ్వకుండా అలాగే పట్టుకున్నాడు.

"తిరిగివ్వడం కూడా మర్చిపోయాడు పాపం," అంది ఇర్మా గొంతు తగ్గించి.

దెల్మీరా పెన్ను మూత తీసింది. అప్పుడు ఎడమచెయ్యి ముందుకొచ్చింది. బుర్ర అందుకుంటూ ఆమె ఆ మాట కోసం చూసింది. రాలేదు. అతని పెదాలు బిగుసుకుని ఉన్నాయి. చెంప వణుకుతోంది. గొంతులో ఏదో పైకి లేచింది, దాన్ని లోపలికి తోశాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ తోశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ ఆ కళ్ళు దెల్మీరా మొహం మీంచి కదల్లేదు.

"అయ్యో, ఉన్న ఒక్క మాటా పోయిందా?" అంది ఇర్మా.

"పోలేదే," అంది దెల్మీరా. "మింగాడు."

ఇర్మా ఏదో అనబోయి అన్న మొహం చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దెల్మీరా అన్న మొహం మీంచి చూపు తిప్పకుండా పోస్తుంటే సగం నీళ్ళు బల్ల మీదే పడ్డాయి. కాగితం తడిసింది. ఎవరూ తుడవలేదు. అబ్దోన్ తాగి, మూసిన నోటితో బుర్ర తిరిగిచ్చాడు. పోసింది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ పోసింది.

"మరి నీ నడుమో?" అంది ఇర్మా చివరికి, ముక్కు తుడుచుకుంటూ.

"నెలకో వారం వచ్చి నువ్వెత్తు."

"వస్తాలే."

ఇర్మా బస్సు వెళ్ళిపోయింది. ఫ్లాస్కు అడుగంటింది, పుల్లలు పైకి తేలాయి. అబ్దోన్ ఇంకొక్కటి తాగి, బుర్ర దెల్మీరా చేతిలో పెట్టి, అప్పుడు నోరు తెరిచాడు.

"గ్రాసియాస్."

దెల్మీరా బుర్ర పక్కన పెట్టేసింది. ఈ మూడు నెలల్లో మొదటిసారి, అన్న నిజంగా చాలన్నాడు కాబట్టి ఆగింది.