గడ్డి మీది కుర్చీ

సెప్టెంబరులో చలికాలం పోయి వసంతం వచ్చేసరికి మా వీధంతా పసుపు రాలుతుంది. వాటిల్ చెట్ల పూల పొడి కార్ల మీద, కిటికీ అంచుల మీద, ఆరేసిన దుప్పట్ల మీద. చలి కాచుకునే పొయ్యిలో బూడిద ఆ ఏటికి ఆఖరిసారి ఎత్తి పారేస్తారు. ఊరి కౌన్సిల్ వాళ్ళ పెద్ద చెత్త వారం కూడా అప్పుడే. అక్కర్లేని సామాను ఇంటి ముందు గడ్డి మీద పెడితే లారీ వచ్చి తీసుకుపోతుంది. లారీకన్నా ముందే వీధివాళ్ళు వచ్చి పనికొచ్చేవి ఏరుకుంటారు. ఎవరినీ అడగక్కర్లేదు. గడ్డి మీదకి వచ్చింది ఇక ఎవరిదీ కాదు.

మా ఇంట్లో సగం సామాను అలా వచ్చిందే. ఆ వారమంటే అమ్మకి పండగ.

ఈసారి చలికాలంలో అమ్మ పోయింది. ఎండ రాగానే నాన్న ఇల్లు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. అమ్మ మంచం, మందుల అలమర, హాల్లో ఫోను పెట్టుకునే చిన్న బల్ల అన్నీ బయట కుప్ప పడ్డాయి. నీకేం కావాలో ముందే చెప్పమన్నాడు. కుర్చీ ఒక్కటి చాలన్నాను.

అమ్మ చివరి నెలలన్నీ పొయ్యి పక్కన ఆ చెక్క కుర్చీలోనే గడిపింది. నొప్పి వచ్చినప్పుడల్లా దాని చేతిని బొటనవేలితో రుద్దేది. అక్కడ వార్నిష్ పోయి, చెక్క అరిగి, చిన్న గుంట పడింది. నా బొటనవేలు అందులో సరిగ్గా ఇమిడేది.

దాని నిండా బూడిద పట్టింది. పెరట్లో కడుగుదామంటే యూకలిప్టస్ చెట్టు మీద మ్యాగ్‌పై పిట్ట గూడు కట్టింది. పిల్లలు ఎగిరేదాకా మగపిట్ట నెత్తి మీద పొడుస్తూ ఎవరినీ నిలవనివ్వదు. బట్టలు ఆరేయడానికి నాన్న ఐస్‌క్రీం డబ్బా నెత్తిన బోర్లించుకుని వెళ్తున్నాడు. ముందు వాకిట్లోనేమో ట్రైలర్ అడ్డం. అందుకని కుర్చీని గడ్డి మీదకి తెచ్చి, కుప్పకి దూరంగా పెట్టి, సబ్బుతో కడిగి ఆరబెట్టాను. ఏ వారమో తెలియక కాదు. మాదేనని చూసేవాళ్ళకి తెలుస్తుందనుకున్నాను.

టీ పెట్టుకుని వచ్చేసరికి అక్కడ తడి గడ్డి మాత్రమే ఉంది.

నాన్న నన్ను కారులో ఎక్కించుకుని చుట్టుపక్కల వీధులన్నీ తిప్పాడు. చాలాసేపటికి ఒకే మాట అడిగాడు.

“గడ్డి మీద పెట్టావా, బ్రాన్విన్?”

లారీ వచ్చి వెళ్ళిన తర్వాతి వారం ఎదురింటి వరండాలో కొత్తగా నీలం రంగు వేసిన కుర్చీ ఒకటి కనిపించింది. దాని కాలికి నాన్న ఎప్పుడో చుట్టిన తీగ చూసి గుర్తుపట్టాను. ఆ ఇల్లు గ్లెనిస్‌ది. ఏళ్ళ తరబడి రోజూ మా వంటింట్లో అమ్మతో కలిసి టీ తాగిన మనిషి.

“ఇది అమ్మ కుర్చీ, గ్లెనిస్.”

“తెలుసు.”

“పారెయ్యలేదు. ఆరబెట్టానంతే.”

“మీకు పెరడు లేదా?”

మ్యాగ్‌పై సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది.

“పిట్టకి జడిసి పోగొట్టుకున్నావన్నమాట. మీ అమ్మయితే నెత్తిన బకెట్ పెట్టుకుని కడిగేది.” తర్వాత నవ్వు ఆగిపోయింది. “మీ హాల్లో ఫోను బల్ల ఉండేది చూడు, అది మా అమ్మది. మా ఆయన తెలీక బయట పెట్టాడు. మీ అమ్మ పట్టుకుపోయింది. వెళ్ళి అడిగితే, గడ్డి మీదకి వచ్చింది మళ్ళీ అడక్కూడదు గ్లెనిస్, అంది. టీ పోసి మరీ చెప్పింది.”

ఆ టీలు తాగినన్నాళ్ళూ ఆవిడ వంటింట్లో కూర్చునే చోటికి హాల్లోని ఆ బల్ల ఎదురుగానే కనిపించేది. అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

“మొన్న వచ్చింది కూడా దానికోసమే. మీ నాన్న బయట పెట్టడం కిటికీలోంచి చూశా. చెప్పులేసుకుని వచ్చేలోపు ఎవరో ఎత్తుకుపోయారు. నీ కుర్చీ ఉంది.”

కుర్చీ చేతి మీద బొటనవేలు పెట్టి తడిమాను. అంతా నున్నగా ఉంది.

“అక్కడేదో గుంట పడింది,” అంది గ్లెనిస్. “లప్పం పెట్టి సాపు చేశా. కావాలంటే తీసుకుపో, పిల్లా. నేను మీ అమ్మలాగా కాదు.”

వద్దన్నాను.

అక్టోబరులో మ్యాగ్‌పై పిల్లలు ఎగిరిపోయాయి. ఇప్పుడు పెరట్లో ఎంతసేపైనా నిలబడవచ్చు. పొద్దున్నే గ్లెనిస్ ఆ కుర్చీలో కూర్చుని మా ఇంటివైపు చూస్తూ టీ తాగుతుంది. చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను.