బీరువాల ఆరు కార్డులు

చెప్పేటోనికి వినేటోడు లోకువ అంటరు. జగిత్యాలల సొంతంగ కంపెనీ పెట్టాలనుకునే ఆడోళ్లకు ట్రైనింగ్ పెట్టి, నాలుగు మంచిమాటలు చెప్పమని నన్ను పిలిచిండ్రు. నాకంటె ముందు ఒక సారు రిజిస్ట్రేషన్ గురించి గంటసేపు చెప్పిండు, సగం మంది కునుకు తీసిండ్రు. నా వంతు వచ్చింది. నా పేరు నీల, మాది రాయికల్, కోరుట్లల నాకు సెంట్రింగ్ కంపెనీ ఉన్నదని చెప్పిన. చప్పట్లు కొట్టిండ్రు. నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు సమజ్ కాలే.

పేరే నాది. ఆడోళ్ల పేరు మీదైతె కాయితాలు జల్ది అయితయని మా ఆయన దావీదు బోర్డు మీద నా పేరు రాయించిండు. సంతకాలు నావి, పెత్తనం ఆయనది. పదకొండేండ్లు షార్జాల సెంట్రింగ్ పనే చేసి వచ్చిండు. కంపెనీ అంటె ఎట్లుంటదో ఆయన చూసింది గక్కడనే. ఇక్కడ గూడ గట్లనే పెట్టిండు. పొద్దుగాల హాజరు, నెత్తికి హెల్మెట్, ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు పనోళ్లకు ఒక రూం. మంచిదే. గని వాళ్ల ఆధార్ కార్డులు తీసుకొని మా బీరువాల పెట్టి తాళమేసిండు. షార్జాల ఈయన పాస్‌పోర్టు గూడ అక్కడి యజమాని, కఫీల్ అంటరు, గట్లనే దాసిపెట్టిండు మరి.

గిదేం పద్ధతయ్యా అని అడిగిన. స్లాబ్ పోసేనాడు ఇద్దరు మాయమైతె పని సగంల ఆగుతది, ఆగితె అతుకు పడుతది, అతుకు పడితె వానకు కారుతది, ఇంక మనల్ని ఎవడు పిలుస్తడు అన్నడు. కొత్తగ కంపెనీ పెట్టేటోనికి మాకు పనోళ్లను తోలే సాంబయ్య మేస్త్రి ఇచ్చిన మొదటి సలహా గూడ గదేనట. కుళాయి కాడ నా నోటికి మా వాడ వాడంతా భయపడుతది. గానాడు మాత్రం నోరు మూసుకున్న. సిగ్గులేనిదాన్ని.

ఆరుగుర్ల ధనేశ్వర్ అని ఒక నడీడు మనిషి ఉండె. మంగళారం పొద్దుగాల మా తలుపు కాడికి వచ్చిండు. ఊర్ల తల్లికి పాణం మీదికి వచ్చిందట, కండ్లు తెరిస్తె ఈయన్నే అడుగుతుందట. తెల్లారితె స్లాబ్ ఉన్నది. కార్డు లేకుంట పోరాదా అన్న. రైల్ల అడుగుతరు, దవాఖానల అడుగుతరు, ఊర్ల బియ్యం గూడ దాని మీదనే ఇస్తరు, వదిలిపెట్టి పోతె మళ్ల దొరకదు అన్నడు.

“దీదీ, బోర్డు మీద మీ పేరే ఉన్నది గద. ఇప్పియ్యిండ్రి.”

నాకు తల కొట్టేసినట్టయింది. బీరువా తాళంచెవి ఆయన జేబుల ఉంటది. సైటు కాడికి ఉరికిన, నలుగురి ముందట్నే ఆయనతోని కొట్లాడిన. నీకు మనసున్నదా లేదా అన్న. మీ నాయిన పోయిన దినం మర్చినవా అన్న. మా మామ సామేలు పోయినప్పుడు ఈయన పాస్‌పోర్టు కోసం కఫీల్ కాళ్లు మొక్కిండు, వాడు ఇయ్యలే. బొంద కాడ నేను ఫోన్ పట్టుకొని నిలవడితె, మట్టి పోసేదాక గా ఫోన్లనే చూసి ఏడ్సిండు.

దావీదు సుత్తి కింద పెట్టిండు.

“నాకెవడిచ్చిండు, నీలా?”

కోపంతోని అనలే. నిజంగనే నన్ను అడిగిండు. అత్తతోని గోసపడ్డ కోడలే అత్తయినంక కోడల్ని ఏడిపిస్తదంటరు, నా మొగుడు గట్లయిండు. రేపు స్లాబ్ కాంగనే కార్డిచ్చి నేనే రైలెక్కిస్త అన్నడు. ఒక్క దినానికి ఏమైతదిలే అని నేనూ అనుకున్న. ధనేశ్వర్‌కు గదే చెప్పిన. సరే దీదీ అన్నడు పాపం.

బుధవారం స్లాబ్ సగమయినంక ధనేశ్వర్‌కు ఫోన్ వచ్చింది. తల్లి పోయింది. మిషన్ తిరుగుతనే ఉన్నది, కాంక్రీట్ మాలు పైకి పోతనే ఉన్నది. ఆయన మెట్ల మీద కూసున్నడు. దావీదు ఇంటికి ఉరికి కార్డు తెచ్చి చేతిల పెట్టిండు, బండెక్కు స్టేషన్ల దించుత అన్నడు. ఊరికి చేరేసరికి ఒకటిన్నర దినం పడుతది. పీనుగను గంతసేపు ఆపరట. ధనేశ్వర్ కార్డు జేబుల పెట్టుకున్నడు గని లేవలే. పొద్దుమూకే యాళ్లకు వాళ్ల తమ్ముడు కట్టెల మీద తల్లిని ఫోన్ల చూపిచ్చిండు. దావీదు ఆయన పక్కకు పోయి కూసొని ఆ ఫోన్ పట్టుకున్నడు. నాకు చూడబుద్ధి కాలే, అటు మల్లి ఏడ్సిన. స్లాబ్ మాత్రం మంచిగ వచ్చింది, ఒక్క అతుకు లేదు.

తెల్లారి ధనేశ్వర్ పోయిండు. దావీదు మిగిలినోళ్ల కార్డులు గూడ వాపసిచ్చిండు. వారం తిరగకముందే ఐదుగురూ పోయిండ్రు. ఎందుకుంటరు, నేనైతె ఉంటనా? బిల్డింగ్ ఓనరేమో పై అంతస్తు స్లాబ్ నెల తిరిగేలోపట పడకపోతె వేరేటోళ్లను పెట్టుకుంట అన్నడు. సాంబయ్య మేస్త్రి నలుగురు కొత్తోళ్లను తోలిండు. దావీదు వాళ్ల ముందట నిలవడ్డడు, కార్డులియ్యిండ్రని చెయ్యి చాపలేకపోయిండు. ఫోన్ వచ్చినట్టు చేసి బయటికి పోయిండు. ముందు నుయ్యి, ఎనుక గొయ్యి.

గివన్ని ట్రైనింగుల చెప్తరా ఎవరన్న? హెల్మెట్లు కొనుండ్రి, హాజరు రాయుండ్రి అని చెప్పి దిగుదామనుకున్న. నడుమల ఒక పిల్ల నోటుబుక్కు పట్టుకొని లేచింది. పనోళ్లు సగంల ఇడిసిపెట్టి పోకుంట మీరేం చేస్తరు మేడం అని అడిగింది. ఇంటోళ్ల లెక్క చూసుకోవాలె బిడ్డా అన్న. గది గూడ రాసుకున్నది.

కొత్తోళ్లు నలుగురి దగ్గర కార్డులు అడిగి తీసుకున్నది నేనే. మైకు ముందట నిలవడ్డప్పుడు గూడ గవి నా సంచిలనే ఉన్నయి.