పెద్దాయనకి కాలవనీళ్ళు

కాలవలో చచ్చిన చేపలు తెల్లగా తేలేయి. కాశీవిశ్వనాథం రొయ్యల చెరువుల మురుగు గొట్టం తిన్నగా అందులోకే. రాజోలు దిగువనున్న ఆ పల్లెకి తాగడానికి వేరే నీళ్ళు లేవు. బిందె ముంచబోయిన గంగాదేవి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంట్లో మనవరాలు సాయిదుర్గ ఆ నీళ్ళే తాగి వాంతులతో పడి ఉంది.

ఆడవాళ్ళంతా మండలాఫీసుకెళ్ళేరు. అధికారి తల గోక్కున్నాడు.

"గొట్టం మూయించడం నా వల్ల కాదమ్మా. కాశీవిశ్వనాథంగారు పెద్దాయన మనిషి."

"పెద్దాయన ఎన్నికల్లో ఓడిపోయి ఎన్నేళ్ళయిందండీ?" అంది పేట నుంచి వచ్చిన దీనమ్మ.

"ఓడిపోతేనేం? ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కాలన్నా ముందు ఆయన గుమ్మంలో చెప్పులు విప్పాల్సిందే."

నిజమే. ఆ పార్టీ జెండా మీదా ఆయన బొమ్మే, ఈ పార్టీ జెండా మీదా ఆయన బొమ్మే. ఒకప్పుడు గద్దెమీదుండి బియ్యం ఇచ్చేడు, చీరలు పంచేడు. ఆ చేత్తోనే వరిచేలు తవ్వుకోమని చెరువులవాళ్ళకి రాసిచ్చేడు. ఈ రెండో సంగతి ఎవరూ తల్చుకోలేదు. ఏటా ఆయన పుట్టినరోజుకి ఇంటింటా పాలు పోగుచేసి విగ్రహానికి అభిషేకం చేసింది ఈ ఆడవాళ్ళే. పిల్లలకి లేకుండా చేసి మరీ పోసేరు. అది గుర్తొచ్చి గంగాదేవికి తన చేతులమీద తనకే రోత పుట్టింది.

ఈ ఏడూ పుట్టినరోజొచ్చింది. ఢిల్లీ నుంచి మంత్రి దిగేడు. కాశీవిశ్వనాథం మురిసిపోతూ కబురంపేడు, అందరూ పాల బిందెలతో రావాలని.

"ఆయ్, బిందెలతోనే వస్తామని చెప్పండి," అంది గంగాదేవి.

వచ్చేరు. రేవులో చేపలవాళ్ళూ, పేటవాళ్ళూ, అందరి చంకలోనూ బిందే. మైకులో జేజేలు. గంగాదేవి విగ్రహం మెట్లెక్కి బిందె వంచింది. నల్లటి నీళ్ళు పెద్దాయన తలమీంచి, నవ్వుతున్న నోటిమీంచి, మెళ్ళో దండమీంచి జారేయి. కంపుకి మంత్రి ముక్కు మూసుకున్నాడు.

"ఒసేయ్! దేవుడిలాంటి మనిషిని అవమానిస్తావా?" కాశీవిశ్వనాథం అరిచేడు.

"అవమానం ఏటండీ? రోజూ మేం తాగే నీళ్ళేగా! మా పిల్లల గొంతులో పోసినప్పుడు తమకి కంపు కొట్టలేదా?"

ఎస్సై ఆమె జబ్బ పట్టుకున్నాడు. "ఎవరు నేర్పేరే నీకిది?"

"ఆ గొట్టం నేర్పింది, బాబూ."

దీనమ్మ మెట్లెక్కి తన బిందె వంచింది. "నన్నూ పట్టుకెళ్ళండి." ఆ వెనక ఇంకొకతె. ఆ వెనక ఇంకొకతె. జీపు నిండిపోయింది. మెట్ల కింద వరస మాత్రం తరగలేదు.

జీపులోంచి గంగాదేవి కేకేసింది: "మిగతా బిందెలు ఆ బొమ్మకెందుకే! పారలు పట్టండి!"

వరస మొత్తం వెనక్కి తిరిగింది. మైకు ఇంకా జేజేలు కొడుతూనే ఉంది. ఆడవాళ్ళు గొట్టంకేసి నడిచేరు.